హలాల్ అడిగే బజారుకు విదేశీ సిరప్‌లు ఎలా తెప్పించాలి: నాందేడ్, దేగ్లూర్, ధర్మాబాద్ వ్యాపారుల కోసం

పోర్టులో హలాల్ సర్టిఫికెట్ అడుగుతారా? ఈ వ్యాపారంలోకి దిగేవాళ్లకు ముందు వచ్చే అనుమానం ఇదే. అడగరు. ఫ్లేవర్ సిరప్‌కు మన కస్టమ్స్ గానీ, ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ గానీ ఆ కాగితం కోరవు. అడిగేది నాందేడ్ ఇత్వారాలో కిరాణా కొట్టు ముందు నిలబడ్డ మనిషి, దేగ్లూర్ నాకా దగ్గర ఫలూదా అమ్మే మనిషి. ‘ఇస్మే క్యా హై భాయ్’ (ఇందులో ఏముంది) అంటూ సీసా వెనక్కి తిప్పి చూస్తాడు. కస్టమ్స్ వదిలిన సరుకు ఇతని దగ్గర ఆగిపోవచ్చు. ఇతనికి నచ్చే సరుకు కస్టమ్స్‌లోనే ఆగిపోవచ్చు. రెండు చోట్లా గట్టెక్కించేది ఒకటే కాగితం, సిరప్‌లో ఏమేం కలిపారో చెబుతూ తయారీదారు ఇచ్చే ఇంగ్రీడియంట్ షీటు. లైసెన్సుల కోసం తిరగకముందే దాన్ని తెప్పించుకోండి.

ముందు ఏం తెప్పించాలో తేల్చుకోండి

గులాబీ సిరప్ జోలికి పోవద్దు. ఎర్ర షర్బత్ అంటే మన దగ్గర రూహ్ అఫ్జా పేరే వస్తుంది. దాని పక్కన మరాఠ్వాడా, హైదరాబాద్ షర్బత్‌లు ఇంకా చవగ్గా ఉంటాయి. సుంకం కట్టి తెచ్చిన సీసా వాటితో ధరలో పోటీ పడలేదు. ఇక్కడ సరిగ్గా దొరకనివి చూడండి: హేజెల్‌నట్, కారమెల్, బ్లూబెర్రీ, పుదీనా, దానిమ్మ. వీటిని కొనేది ఇళ్లవాళ్లకంటే కేఫ్‌లు, జ్యూస్ సెంటర్లు, పెళ్లి క్యాటరింగ్‌వాళ్లు.

రంజాన్ లెక్క కూడా మారుతోంది. ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతూ 2027లో ఫిబ్రవరి రెండో వారానికి వస్తుంది, నెలవంకను బట్టి ఒకరోజు అటూఇటూ. ఇఫ్తార్‌కు ఐసు వేసిన షర్బత్ మే నెలలో పోయినంత జోరుగా ఫిబ్రవరిలో పోదు. పాలలో కలిపే యాలకులు, కుంకుమపువ్వు, హేజెల్‌నట్ రుచులు అప్పుడు బాగా కదులుతాయి. పుదీనా, బ్లూబెర్రీలను ఏప్రిల్ ఎండలకు, పెళ్లిళ్లకు లెక్కేసుకోండి. అన్నీ కలిపి ఒకే రంజాన్ ఆర్డరు పెడితే సగం సరుకు గోదాంలోనే ఉండిపోతుంది.

ఇంగ్రీడియంట్ షీటులో ఏం వెతకాలి

అసలు పని ఇక్కడే ఉంది. సీసా మీద ‘నేచురల్ ఫ్లేవర్’ అని రాసుంటే మీకు ఏమీ తెలిసినట్టు కాదు. కింది వాటికి సప్లయర్ నుంచి విడివిడిగా, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ‘మాది వెజిటేరియన్ ప్రొడక్ట్’ అనే ఒక్క వాక్యంతో సరిపెడితే మళ్లీ అడగండి.

మొదటిది, ఫ్లేవర్‌ను దేనిలో కరిగించారు? వాసన పదార్థాలు నీళ్లలో సులువుగా కలవవు, అందుకని ఇథనాల్‌లోనో, ప్రొపిలీన్ గ్లైకాల్‌లోనో, గ్లిజరిన్‌లోనో కరిగిస్తారు. అమెరికా నిబంధనల ప్రకారం వెనీలా ఎక్స్‌ట్రాక్ట్ అని పిలవాలంటే అందులో కనీసం 35 శాతం ఆల్కహాల్ ఉండాలి. సిరప్‌లో ఎక్స్‌ట్రాక్ట్ పడేది కొద్దిగానే కాబట్టి చివరికి సీసాలో మిగిలేది చాలా తక్కువ. ఆ తక్కువ ఎంత, అది ఎక్కణ్ణుంచి వచ్చింది అన్నదే ప్రశ్న. ఇండోనేషియా ఉలమా మండలి 2018 ఫత్వా ప్రకారం మద్యం తయారీ నుంచి రాని ఇథనాల్ పానీయంలో 0.5 శాతం కంటే తక్కువుంటే ఒప్పుకుంటారు. మన దగ్గర కొనేవాళ్లలో ఆ మాత్రం కూడా వద్దనేవాళ్లు ఉన్నారు. ప్రొపిలీన్ గ్లైకాల్ వాడిన రకం దొరికితే అదే తెప్పించుకోండి, వాదన ఉండదు. గ్లిజరిన్ అంటే మాత్రం మొక్కల నూనె నుంచి వచ్చిందా, జంతువుల కొవ్వు నుంచి వచ్చిందా అని అడగాలి. ఆహారంలో కలిపే పదార్థాలకు ఐఎన్ఎస్ అనే అంతర్జాతీయ నంబర్లుంటాయి; ఈ రెండింటికీ నంబరు ఒకటే, ఐఎన్ఎస్ 422. లేబుల్ చూసి తేడా చెప్పలేం.

రెండోది రంగు. దానిమ్మ, స్ట్రాబెర్రీ సిరప్‌లలో ఐఎన్ఎస్ 120 ఉందేమో చూడండి. దాన్ని కార్మైన్ అంటారు, కొచినీల్ అనే పురుగు నుంచి తీస్తారు. ఇక్కడి ముస్లింలలో ఎక్కువమంది హనఫీ మతశాస్త్ర పద్ధతిని పాటిస్తారు, పురుగు నుంచి వచ్చిన రంగును వాళ్లు ఒప్పుకోరు. ఇండోనేషియా ఉలమా మండలి మాత్రం 2011లోనే కొచినీల్ రంగును హలాల్ అంది. అంటే నిజమైన హలాల్ సర్టిఫికెట్ ఉన్న సీసానే ఇత్వారాలో తిరస్కరించే అవకాశం ఉంది. చిక్కు అక్కడితో ఆగదు. జంతు సంబంధమైన పదార్థం కాబట్టి మన నిబంధనల ప్రకారం ఆ సీసాకు ఆకుపచ్చ చుక్క వేయకూడదు, గోధుమరంగు త్రికోణం వేయాలి. దాంతో శాకాహారి గిరాకీ కూడా పోతుంది. 120 కనిపిస్తే ఆ రకాన్ని జాబితాలోంచి కొట్టేయండి.

సింథటిక్ రంగుల్లో చిక్కు మరో రకం. మన దేశంలో చెల్లేవి ఎనిమిది: పోన్సో 4ఆర్, కార్మోసిన్, ఎరిత్రోసిన్, టార్ట్రాజిన్, సన్‌సెట్ యెల్లో, ఇండిగో కార్మైన్, బ్రిలియంట్ బ్లూ, ఫాస్ట్ గ్రీన్. పేరులో కార్మైన్ అని ఉన్నా ఇండిగో కార్మైన్ పురుగు రంగు కాదు. కొనేవాళ్లు కంగారు పడితే చెప్పడానికి గుర్తుంచుకోండి. యూరప్‌లో మామూలుగా వాడే క్వినోలిన్ యెల్లో (104), పేటెంట్ బ్లూ (131) ఈ జాబితాలో లేవు. పుదీనా ఆకుపచ్చ, బ్లూ కురాసో నీలం చాలాసార్లు ఇక్కడే చిక్కుకుంటాయి.

మూడోది, లేబుల్‌లో కనబడనివి. మామిడి, నారింజ రంగుకు వాడే బీటా కెరోటిన్ పొడిని కొన్ని కంపెనీలు జెలటిన్ (జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది) పొరలో చుట్టి ఇస్తాయి. పండ్ల రసాన్ని తేటపరచడానికి కూడా జెలటిన్ వాడతారు. కొన్ని దేశాల్లో చెరకు పంచదారను ఎముకల బొగ్గుతో వడకడతారు. మోనో, డైగ్లిజరైడ్లు (471), పాలిసార్బేట్ 80 (433) ఉంటే వాటిలోని కొవ్వు ఆమ్లం ఎక్కడిదో అడగండి. మంచి తయారీదారు వీటికి రెండు రోజుల్లో జవాబిస్తాడు. నెల రోజులు నానబెట్టేవాణ్ణి వదిలేయండి.

పేరు కూడా చూసుకోవాలి. ఐరిష్ క్రీమ్, రమ్, అమరెట్టో, మొహితో అనే సిరప్‌లలో మద్యం చుక్క లేకపోవచ్చు. అయినా మద్యం పేరున్న సరుకుకు మలేషియాలో హలాల్ ముద్ర ఇవ్వరు. ఇక్కడ కూడా ఆ సీసాను బీరువా ముందు వరుసలో పెట్టడానికి దుకాణదారు జంకుతాడు. అదే రుచి ‘మింట్’, ‘ఆల్మండ్’ పేర్లతో దొరుకుతుంది, ఆ పేర్లతోనే తెప్పించండి.

సర్టిఫికెట్ చదవడం

ముద్ర ఉందా లేదా అని చూసి ఊరుకోవద్దు. సర్టిఫికెట్ మీద నాలుగు సంగతులు మీ ఆర్డరుతో సరిపోవాలి: ఫ్యాక్టరీ చిరునామా, సరుకు పేరు, రుచుల జాబితా, గడువు తేదీ. ఎక్కువగా తప్పేది ఫ్యాక్టరీ చిరునామా. ఒకే బ్రాండ్ రెండు దేశాల్లో తయారవుతుంది, సర్టిఫికెట్ ఒక ఫ్యాక్టరీకే ఉంటుంది, ట్రేడరు రెండో ఫ్యాక్టరీ సరుకు పంపుతాడు. సీసా వెనకున్న తయారీ చిరునామాను సర్టిఫికెట్‌తో పోల్చిచూస్తే ఇది అక్కడే బయటపడుతుంది. మలేషియా జాకిమ్, సింగపూర్ ముయిస్ లాంటి సంస్థలు తాము గుర్తించిన, తాము సర్టిఫై చేసిన వివరాలను వెబ్‌సైట్లలో పెడతాయి. పీడీఎఫ్‌ను నమ్మకుండా అక్కడ వెతికి చూడండి.

తయారీదారు వేయని హలాల్ గుర్తును మీరు స్టిక్కరుగా అచ్చేయించి అతికించకండి. ముద్ర ఇచ్చిన సంస్థతో తగువు, తప్పుడు లేబులింగ్ కేసు, బజారులో పోయే పరువు, మూడూ ఒక్కసారే వస్తాయి. ముద్ర లేకపోయినా పైన చెప్పిన జవాబులన్నీ రాతలో ఉంటే ఆ ఫైలు చూపించి అమ్మవచ్చు. ఒక జాగ్రత్త: ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 2023 నవంబరు 18న ఎగుమతికి తప్ప హలాల్ ముద్ర ఉన్న ఆహార సరుకుల తయారీ, నిల్వ, అమ్మకాలను నిషేధించింది. మిగిలిన సరుకును అటువైపు బేరగాళ్లకు తోసేద్దామనే ఆలోచన పెట్టుకోవద్దు.

లైసెన్సులు

దిగుమతి చేసుకోవడానికి కావలసిన ఐఈసీ కోడ్ పాన్ మీద డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్య శాఖ) సైట్లో వస్తుంది, ఫీజు 500 రూపాయలు. ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపు దాన్ని అప్‌డేట్ చేయకపోతే పనిచేయడం ఆగిపోతుంది. సరుకు ఓడ ఎక్కాక ఈ సంగతి గుర్తొస్తే ఏడుపే. విదేశీ చెల్లింపులు చేసే మీ బ్యాంకు శాఖ ఇచ్చే ఏడీ కోడ్‌ను పోర్టు వారీగా కస్టమ్స్ వారి ఐస్‌గేట్ సైట్లో నమోదు చేయించాలి.

దుకాణానికున్న రాష్ట్ర ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు దిగుమతికి చాలదు. ఐఈసీలో ఉన్న చిరునామా మీద ఇంపోర్టర్ కేటగిరీలో కేంద్ర లైసెన్సు కావాలి, ఏడాదికి 7,500 రూపాయలు. ఐఈసీలో ఇంటి చిరునామా, లైసెన్సులో గోదాం చిరునామా ఉంటే దరఖాస్తు వెనక్కి వస్తుంది. ముందే రెండూ ఒకటి చేసుకోండి. తూనికలు, కొలతల చట్టం కింద ఇంపోర్టర్ రిజిస్ట్రేషన్, ప్లాస్టిక్ మూతలు, సీసాల కోసం కాలుష్య నియంత్రణ మండలిలో ఈపీఆర్ (ప్లాస్టిక్ చెత్త బాధ్యత) నమోదు కూడా ఉన్నాయి. జీఎస్టీ రెగ్యులర్‌లో ఉండాలి. కాంపోజిషన్‌లో ఉంటే దిగుమతి మీద కట్టిన ఐజీఎస్టీ వెనక్కి రాదు, సరిహద్దు దాటించి తెలంగాణలోని మద్నూర్‌కో నిజామాబాద్‌కో అమ్మడానికీ వీలుండదు.

ఖర్చు లెక్క

ఫ్లేవర్ కలిపిన పంచదార సిరప్‌లు సాధారణంగా కస్టమ్స్ కోడ్ 2106 90లోకి వస్తాయి, 1702లోకి కాదు. తక్కువ సుంకం కోసం వేరే కోడ్ రాయిద్దామనే ఏజెంటు మాట వినొద్దు. తేడా సొమ్ము వడ్డీ, జరిమానాతో కలిసి తర్వాత మీ మెడకే చుట్టుకుంటుంది. రేట్లు బడ్జెట్లతో మారుతుంటాయి కాబట్టి ఆర్డరు ఇచ్చే రోజున కస్టమ్స్ బ్రోకరు దగ్గర రాతలో తీసుకోండి. లెక్క నడిచే తీరు తెలియడానికి ఊహించిన శాతాలతో చూద్దాం. ఓడ కిరాయి, బీమాతో కలిపి సీసా 300 రూపాయలు, బేసిక్ డ్యూటీ 50 శాతం, ఐజీఎస్టీ 18 శాతం అనుకోండి.

డ్యూటీ 150. ఆ డ్యూటీ మీద పదిశాతం సోషల్ వెల్ఫేర్ సర్‌ఛార్జి 15. మొత్తం 465. దీని మీద ఐజీఎస్టీ 83.70, చేతిలోంచి పడే డబ్బు 548.70. ఐజీఎస్టీ తర్వాత క్రెడిట్‌గా వస్తుంది, అందుకే అసలు ఖర్చు 465 అనుకుని దాని మీద పోర్టు ఖర్చులు, శాంపిల్ ఫీజులు, లారీ కిరాయి, పగిలే సీసాలు కలపండి. 300 రూపాయల సీసా 500 దాటకుండా గోదాం చేరదు. ఆసియాన్ (ఆగ్నేయాసియా దేశాల కూటమి), యూఏఈలతో ఉన్న వాణిజ్య ఒప్పందాల కింద తగ్గింపు వస్తుందని సప్లయర్ చెబితే ఆ కోడ్ మినహాయింపుల జాబితాలో లేదని ముందు చూసుకోండి. తగ్గింపు దక్కినా, సరుకు ఆ దేశంలోనే పుట్టిందని చూపే వివరాలు ఇంపోర్టరు దగ్గర ఉండాలని 2020 సెప్టెంబరు నుంచి నిబంధన ఉంది.

బరువు కూడా లెక్కలో ఉంచండి. బ్రిక్స్ అంటే సిరప్‌లో కరిగిన పంచదార లాంటి ఘనపదార్థం శాతం; 65 బ్రిక్స్ సిరప్ సాంద్రత 1.32 దగ్గర ఉంటుంది. 750 మి.లీ. సీసాలో సిరప్ ఒక్కటే దాదాపు కిలో, గాజుతో కలిపి కిలోన్నర. ఆరు సీసాల పెట్టె 9 కిలోలు. మొదటి విడతకు కంటెయినర్ మొత్తం తీసుకోవద్దు, ఇతరుల సరుకుతో కలిసి వచ్చే ఎల్‌సీఎల్ కంటెయినర్‌లో రెండు మూడు ప్యాలెట్లు చాలు.

శాంపిల్, లేబుల్

ఆర్డరు ఖాయం చేసేముందు ప్రతి రుచిదీ ఒకే బ్యాచ్ సీసాలు తెప్పించి ముంబైలోనో హైదరాబాద్‌లోనో ఎఫ్ఎస్ఎస్ఏఐ గుర్తించిన ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. బ్రిక్స్, రంగులు, బెంజోయేట్‌తో పాటు గ్యాస్ క్రొమటోగ్రఫీతో ఇథనాల్ శాతం కూడా అడగండి. ఇథనాల్ కొలవడం మామూలు ప్యాకేజీలో ఉండదు. దుకాణంలో మీకు పనికొచ్చే పరికరం బ్రిక్స్ కొలిచే చేతి రిఫ్రాక్టోమీటరు. కొనేటప్పుడు 58 నుంచి 90 బ్రిక్స్ చూపేది అడగండి, పండ్ల రసాలకు వాడే 0–32 రకం సిరప్‌కు పనికిరాదు. మన ప్రమాణాల్లో సింథటిక్ సిరప్‌కు కనీసం 65 శాతం కరిగిన ఘనపదార్థం ఉండాలి. ఫ్రూట్ సిరప్ అంటే దాంతోపాటు కనీసం 25 శాతం పండ్ల రసం కూడా. బొమ్మలో దానిమ్మ, లోపల రంగు నీళ్లు ఉన్న సీసాను ఫ్రూట్ సిరప్ అని నమోదు చేస్తే పరీక్షలో పోతుంది.

పదార్థాల జాబితా, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు, నికర పరిమాణం ఫ్యాక్టరీలోనే అచ్చుపడి రావాలి. ఇవి లేకపోతే పోర్టులో స్టిక్కరు వేసి దిద్దడానికి వీల్లేదు. ఇంపోర్టరు పేరు, చిరునామా, ఎఫ్ఎస్ఎస్ఏఐ లోగో, లైసెన్సు నంబరు, వెజ్ గుర్తు మాత్రం కస్టమ్స్ అదుపులో ఉండే బాండెడ్ వేర్‌హౌస్‌లో ఊడిరాని ఒకే స్టిక్కరు మీద వేయవచ్చు. ఎంఆర్‌పీ, దిగుమతి నెల, వినియోగదారుల ఫోన్ నంబరు కూడా ఉండాలి. స్టిక్కరు పదార్థాల జాబితాను కప్పకూడదు. కొలత ముందే తీసుకుని సీసా ఖాళీ భాగానికి సరిపోయేలా అచ్చేయించండి. తయారీదారునే ఇండియా లేబుల్ వేయమని అడిగితే ఇంకా మంచిది. చిన్న ఆర్డరుకు ఒప్పుకోకపోతే ఈ స్టిక్కరే గతి.

ఓడ నుంచి గోదాం దాకా

సరుకు ముంబై దగ్గరి న్హావా షేవా పోర్టులో దిగితే నాందేడ్‌కు దాదాపు 600 కిలోమీటర్లు. కస్టమ్స్‌కు సరుకు వివరాలు చెప్పే బిల్ ఆఫ్ ఎంట్రీని ఓడ వచ్చే ముందురోజు ముగిసేలోపు దాఖలు చేయాలి. ఆలస్యమైతే మొదటి మూడు రోజులకు రోజుకు 5,000, ఆ తర్వాత రోజుకు 10,000 రూపాయలు. రెండు ప్యాలెట్ల సరుకులో లాభం ఈ జరిమానాకే సరిపోతుంది. ఎఫ్ఎస్ఎస్ఏఐ అధికారి కాగితాలు చూసి, పెట్టెలు తెరిపించి, శాంపిళ్లు తీస్తారు. ప్రతి రుచీ విడి సరుకే. పన్నెండు రుచులు తలా నాలుగు పెట్టెలు తెస్తే పన్నెండు శాంపిళ్లు, పన్నెండు ఫీజులు. మొదటిసారి నాలుగు రుచులు మించొద్దు.

గడువు నిబంధనను చాలామంది తప్పుగా చదువుతారు. మొత్తం గడువులో 60 శాతం గానీ, మూడు నెలలు గానీ, ఏది తక్కువైతే అంత మిగిలుండాలి. 24 నెలల సిరప్‌కు చట్టం మూడు నెలలతోనే తృప్తి పడుతుంది. దుకాణదారు పడడు. కనీసం 15 నెలలు మిగిలిన బ్యాచ్ పంపాలని ఆర్డరులోనే రాయించండి.

షబే బరాత్ నాటికి సరుకు దుకాణాల్లో ఉండాలి, రంజాన్‌కు పదిహేను రోజుల ముందే కొనుగోళ్లు మొదలవుతాయి. వెనక్కి లెక్కేసుకుంటే షీట్లు, శాంపిళ్లు, ల్యాబ్, ఓడ, క్లియరెన్స్ అన్నిటికీ కలిపి ఆరు నెలలు పెట్టుకోండి. మొదటి విడతలో ఏదో ఒకటి తిరిగి రావడం ఖాయం.

నిల్వ, అమ్మకం

రేకుల షెడ్డు వద్దు. ఎండాకాలం ఇక్కడ 42 డిగ్రీలు దాటుతుంది, రేకుల కింద ఇంకా ఎక్కువ. దానిమ్మ, బ్లూబెర్రీ సహజ రంగులు ఆ వేడికి గోధుమరంగులోకి తిరుగుతాయి. చలికాలంలో బాధ వేరు. 67 బ్రిక్స్ దాటిన, మొత్తం పంచదారతోనే చేసిన సిరప్ అడుగున గడ్డ కడుతుంది. సీసాను గోరువెచ్చని నీళ్లలో నిలబెడితే కరుగుతుంది. ఇన్వర్ట్ షుగర్ (గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడగొట్టిన పంచదార) గానీ, గ్లూకోజ్ గానీ కలిసిన రకమైతే ఈ బాధ తక్కువ.

కేఫ్‌కు అమ్మేటప్పుడు పంపు ఉచితంగా ఇవ్వండి, అదే సీసాలో నీళ్లు కలపొద్దని గట్టిగా చెప్పండి. ‘చిక్కగా ఉంది’ అంటూ సీసాలోకే గ్లాసెడు నీళ్లు పోసేవాళ్లు ఉంటారు. 65 కిందకి బ్రిక్స్ పడిన సిరప్‌లో ఈస్ట్ బతుకుతుంది. చక్కెరను తట్టుకునే కొన్ని రకాలు 65లో కూడా నెమ్మదిగా పెరుగుతాయి. నాలుగు రోజుల్లో మూత తీస్తే బుస్సుమంటుంది, నురగ వస్తుంది, పుల్లటి వాసన కొడుతుంది. పులిసిందంటే ఆల్కహాల్ పుట్టిందని అర్థం. ఫ్యాక్టరీ నుంచి హలాల్‌గా వచ్చిన సీసా ఇక్కడ చేజారిపోయినట్టే. అలాంటిది దుకాణం నుంచి తిరిగి వస్తే తక్కువ ధరకు ఇంకొకరికి అంటగట్టకండి. బ్యాచ్ నంబరు రాసుకుని పారబోయండి. అదే బ్యాచ్‌లో మూత తీయని రెండు సీసాలను రిఫ్రాక్టోమీటరుతో చూడండి. వాటిలో కూడా 65 కంటే తక్కువ చూపిస్తే తప్పు కేఫ్‌ది కాదు. ఆ బ్యాచ్ మొత్తం అమ్మకం ఆపి, రీడింగుల ఫోటోలతో సప్లయర్‌కు రాయండి.